ఏడు తరాలు, జాంగ్ కేసు, ఈక్వియానో: బానిస ఓడల చరిత్రను సాహిత్యం ఎంతవరకు పట్టుకుంది?

పాత_పేజీలు

తెలుగులో అట్లాంటిక్ బానిస వ్యాపారం గురించి ఎవరు మాట్లాడినా ‘ఏడు తరాలు’ దగ్గరే మొదలుపెడతారు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వచ్చింది. సహవాసి గారు దాన్ని కుదించి చేసిన అనువాదాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో వేసింది. చాలామంది చదువు అక్కడే ఆగిపోతుంది కూడా.

ఇక్కడ ఓడల చరిత్ర తెలిసినవాళ్ళూ, ఆ సాహిత్యం చదివినవాళ్ళూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. హేలీ తన పూర్వీకుడని చెప్పిన కుంటా కింటేని ఆఫ్రికా నుంచి తెచ్చిన ఓడ, ఆ లెక్కలు ఎంతవరకు నిజం? అది నవల అనుకుంటే, బానిసలుగా బతికినవాళ్ళు స్వయంగా రాసుకున్న కథలను ఎలా చదవాలి? మన తీరానికి ఈ వ్యాపారంతో ఏమైనా లంకె ఉందా? ఘోరం, దారుణం అనే మాటల దగ్గర ఆగకుండా వివరంగా రాయండి.

రేవుచిట్టా

ఓడ నిజం. పేరు లార్డ్ లిగోనియర్, కెప్టెన్ థామస్ డేవిస్. 1767 జులై 5న గాంబియా నది విడిచి సెప్టెంబర్ 29న మేరీలాండ్‌లోని అనాపొలిస్ చేరింది. ఎక్కించింది 140 మందిని, దించింది 98 మందిని. అంటే 42 మంది దారిలోనే పోయారు, నూటికి 30. అట్లాంటిక్ వ్యాపారం మొత్తమ్మీద అంచనా చూస్తే ఎక్కించినవాళ్ళు సుమారు 1 కోటి 25 లక్షలు, బతికి దిగినవాళ్ళు సుమారు 1 కోటి 7 లక్షలు. ఏడుగురిలో ఒకరు సముద్రంపాలు. ఆ లెక్కన లిగోనియర్ ప్రయాణం మామూలు కంటే రెట్టింపు చావులు చూసింది. అక్టోబర్ 1 నాటి మేరీలాండ్ గెజెట్‌లో అమ్మకం ప్రకటన ఉంది. హేలీ ఈ కాగితాలన్నీ వెతికి పట్టుకున్నాడు, ఆ కష్టం ఆయనదే.

చిక్కల్లా ఆ ఓడలో కుంటా ఉన్నాడా అన్న దగ్గరే. వర్జీనియాలో వాలర్ కుటుంబం కొన్న ‘టోబీ’యే కుంటా అని హేలీ నమ్మాడు. వంశవృక్షాలు పరిశోధించే మిల్స్ దంపతులు 1981లో పన్ను జాబితాలు తిరగేసి చూపించింది ఏమిటంటే, ఆ టోబీ 1762 నాటికే వాలర్ల దగ్గర ఉన్నాడు. ఓడ రావడానికి ఐదేళ్ళ ముందు. ఇక గాంబియా ఒడ్డున కుంటా సొంతూరనే జుఫూరేలో హేలీకి కుంటా కథ చెప్పిన ఫోఫానా వంశపారంపర్యంగా శిక్షణ పొందిన కథకుడు కాడని డోనాల్డ్ రైట్ అనే చరిత్రకారుడు అక్కడికి వెళ్ళి విచారించి రాశాడు.

జుఫూరే చిత్రణ కూడా సరిచూసుకోవాలి. నవలలో అది బయటి ప్రపంచం ఎరగని పల్లె. నిజానికి ఎదురుగా నదిలోనే జేమ్స్ దీవి, దానిమీద ఇంగ్లీషు వర్తకుల కోట. 1767 నాటికి వందేళ్ళుగా అక్కడ బేరసారాలు నడుస్తున్నాయి. ఆ దీవికి 2011లో కుంటా కింటే పేరే పెట్టారు. తెల్లవాళ్ళు అడవిలో మాటువేసి పట్టుకోవడం అరుదు. లోతట్టు ప్రాంతాల్లో యుద్ధాల్లో, దాడుల్లో పట్టుబడినవాళ్ళను వందల కిలోమీటర్లు నడిపించి తెచ్చి నది ఒడ్డున అమ్మేవారు.

గోదారిగట్టు

అంటే ఆఫ్రికన్లే తోటి ఆఫ్రికన్లను అమ్మారు కదా. మరి యూరపు వాళ్ళనే దోషులుగా చూపించే సాహిత్యం ఏకపక్షం కాదా?

రేవుచిట్టా

గోదారిగట్టు గారూ, అమ్మినవాళ్ళు ఎవరు, అప్పు పెట్టింది ఎవరు అని విడదీసి చూడాలి. అప్పటికి ‘ఆఫ్రికన్లు’ అనే ఒకే జనం లేరు. దహోమీ రాజ్యం, అశాంతె రాజ్యం, ఓల్డ్ కాలబార్‌ (ఇప్పటి నైజీరియాలోని రేవు) ఎఫిక్ వర్తకులు, ఎవరి రాజకీయం వాళ్ళది. అమ్మినవాళ్ళు లాభపడ్డారు, అందులో దాపరికం లేదు.

కానీ సరుకు ముందు వచ్చేది, మనుషులు తర్వాత వచ్చేవారు. కాలబార్‌లో కెప్టెన్ బట్టలు, తుపాకులు, ఇనుప కడ్డీలు, రాగి కడ్డీలు అప్పుగా ఇచ్చేవాడు. దానికి పూచీగా వర్తకుడు తన బంధువులనే ఓడలో తాకట్టు ఉంచేవాడు. గడువులోగా చెప్పిన సంఖ్యలో మనుషులు రాకపోతే తాకట్టున్నవాళ్ళను తీసుకుపోయే ప్రమాదం ఉండేది. 1767లో అదే రేవులో ఇంగ్లీషు కెప్టెన్లు ఒక వర్గంతో కలిసి రెండో వర్గాన్ని సంధికి పిలిచి చంపారు. ఎఫిక్ రాచకుటుంబంలోని లిటిల్ ఎఫ్రెయిమ్, ఆంకోనా రాబిన్ జాన్ అనే ఇద్దరూ బానిసలుగా డొమినికాకు పోయారు, చివరికి బ్రిస్టల్ మీదుగా తిరిగి ఇంటికి చేరారు. అమ్మే వర్గంవాళ్ళే అమ్ముడుపోయారు.

పైగా ఓడ యజమానులు, బీమాదారులు, తోటల యజమానులు, అమ్మకం పన్ను తీసుకున్న ప్రభుత్వాలు అందరూ అట్లాంటిక్‌కి అటువైపు, ఇటువైపు ఉన్నవాళ్ళే. బానిసత్వాన్ని రద్దుచేసిన 1833 చట్టం తర్వాత బ్రిటన్ 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. అది యజమానులకు. బానిసలుగా ఉన్నవాళ్ళకు పైసా రాలేదు.

జాజిమల్లి

‘రూట్స్’ మీద కోర్టు కేసు కూడా చెప్పుకోవాలి. హెరాల్డ్ కోర్లాండర్ 1967లో రాసిన నవల నుంచి కొన్ని భాగాలు ఇందులోకి వచ్చాయని దావా వేశాడు. 1978లో 6,50,000 డాలర్లకు రాజీ కుదిరింది, కొన్ని భాగాలు వచ్చాయని హేలీ ఒప్పుకున్నాడు.

అయినా ఆ పుస్తకాన్ని పక్కన పడేయమని నేననను. వంశవృక్షంగా చదివితే నిలవదు. నవలగా చదివితే ఓడ అడుగు గదిలో జరిగే అధ్యాయాలకు బలమైన ఆధారాలున్నాయి. బానిస ఓడల్లో వైద్యుడిగా పనిచేసి మానేసిన అలెగ్జాండర్ ఫాల్కన్‌బ్రిడ్జ్ 1788లో రాసిన చిన్న పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడండి. మగవాళ్ళను ఇద్దరిద్దరిని కలిపి చేతికీ కాలికీ సంకెళ్ళు వేయడం, రక్తవిరేచనాలతో నేలంతా నెత్తురూ జిగురూ అయిపోవడం, వాన వస్తే గాలిరంధ్రాలు మూసేయడంతో లోపల ఊపిరాడకపోవడం, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి ఉడికించిన చిక్కుడు గింజలో బియ్యమో యామ్ దుంపో పెట్టడం, తినకపోతే నోరు బలవంతంగా తెరవడం, అన్నీ అందులో ఉన్నాయి. నోరు తెరిచే ఆ ఇనుప మరను బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించిన థామస్ క్లార్క్‌సన్ లివర్‌పూల్‌లో అంగట్లో కొన్నాడు. చేతి సంకెళ్ళు, కాలి సంకెళ్ళు, బొటనవేళ్ళు నొక్కే మరతో పాటు. బహిరంగంగా అమ్మే వస్తువులవి.

హేలీ తప్పు చేసింది మనిషి ఎవరన్నదాంట్లో. ఆ గది ఎలా ఉండేదన్నదాంట్లో కాదు.

కొలబద్ద

గది కొలతలు అడిగేవాళ్ళ కోసం. అందరూ చూసే ఆ ఓడ బొమ్మ ‘బ్రూక్స్’ అనే లివర్‌పూల్ ఓడది. 1788 చివర్లో ప్లిమత్‌లో మొదట అచ్చయింది, మరుసటేడు లండన్‌లో సవరించి మళ్ళీ అచ్చువేశారు. ఆ బొమ్మలో మగవాడికి 6 అడుగుల పొడవు, 1 అడుగు 4 అంగుళాల వెడల్పు. ఆడవాళ్ళకు 5 అడుగుల 10 అంగుళాలు, 1 అడుగు 4 అంగుళాలు. మగపిల్లలకు 5 అడుగులు, 1 అడుగు 2 అంగుళాలు. ఆడపిల్లలకు 4 అడుగుల 6 అంగుళాలు, 1 అడుగు.

ఇక్కడ చాలామంది తడబడతారు. ఆ బొమ్మ చూపించేది చట్టానికి లోబడిన స్థితిని. 1788లో వచ్చిన డాల్బెన్ చట్టం మొదటి 201 టన్నుల దాకా ప్రతి 3 టన్నులకు 5 మందిని, ఆ పైన టన్నుకు ఒక్కరిని అనుమతించింది. బ్రూక్స్‌ని కొలిస్తే 320 టన్నులు వచ్చింది. 201 టన్నులకు 335, మిగతా 119 టన్నులకు 119, మొత్తం 454. చట్టానికి ముందు ఒక ప్రయాణంలో అదే ఓడ 609 మందిని తీసుకెళ్ళింది. బొమ్మలో కనిపించే ఇరుకు ‘సంస్కరించిన’ ఇరుకన్నమాట.

ఇంకొకటి. బొమ్మలో మనుషులు ఒకే అచ్చు పోసినట్టు వరుసగా, కదలకుండా పడుకుని ఉంటారు. పార్లమెంటు సభ్యుల మనసు కరిగించడానికి గీసింది అది. ఎదురుతిరిగే చేతులు అందులో ఉండవు. పదింట ఒక ఓడలో ఏదో ఒక రూపంలో తిరుగుబాటు జరిగిందని పరిశోధకుల అంచనా. అందుకే ఈ ఓడలకు మామూలు సరుకు ఓడలకంటే ఎక్కువ నావికులు, డెక్కు మీద అడ్డుగోడ, దాని వెనక తుపాకులు అవసరమయ్యేవి.

పాత_పేజీలు

ఆ ఓడల పట్టిక ఆన్‌లైన్లో ఉందంటారు. దాన్ని ఎలా వాడాలి?

రేవుచిట్టా

‘స్లేవ్ వాయేజెస్’ అని వెతకండి. 1999లో సీడీగా వచ్చింది, 2008 నుంచి అందరికీ ఉచితం. సుమారు 36,000 ప్రయాణాలున్నాయి. ఓడ పేరు, కెప్టెన్ పేరు, సంవత్సరం, బయల్దేరిన రేవు, దిగిన రేవు, దేనితోనైనా వెతకొచ్చు. పేరుతో వెతికేటప్పుడు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా ఇచ్చి చూడండి. ఒకే పేరుతో పదుల ఓడలుంటాయి కాబట్టి సంవత్సరం, కెప్టెన్ పేరు రెండూ కలిస్తేగానీ అదే ఓడ అనుకోవద్దు.

అందరూ జారిపడే చోటు ఒకటుంది. అంకెలు రెండు రకాలు. ఒకటి కాగితంలో దొరికినది, రెండోది కాగితం లేనప్పుడు అదే కాలంలో అదే తీరం నుంచి వెళ్ళిన మిగతా ఓడల సగటును బట్టి కట్టినది. ఆ రెండో రకాన్ని దస్తావేజుగా చూపించి వ్యాసాలు రాసేస్తారు. ప్రతి ప్రయాణం వివరాల్లో కింద ఆధారాల జాబితా ఉంటుంది, అది తెరిచి చూడకుండా ఏ అంకెనూ ఎత్తి రాయకండి. ‘పిల్లలు’ అనే గడి కూడా అంతే. డాల్బెన్ చట్టం ప్రకారం 4 అడుగుల 4 అంగుళాల లోపు ఎత్తున్నవాళ్ళు పిల్లలు. వయసు ఎవరూ అడగలేదు, కొలకర్ర పెట్టి తేల్చారు.

ఇంకో సంగతి, అమెరికా నవలలే చదివినవాళ్ళకు ఈ పట్టిక కళ్ళు తెరిపిస్తుంది. బ్రెజిల్‌లో దిగినవాళ్ళు 48 లక్షల పైచిలుకు. ఉత్తర అమెరికా ప్రధాన భూభాగంలో నేరుగా దిగినవాళ్ళు 4 లక్షల లోపు. ప్రపంచం చదివే బానిస సాహిత్యంలో ఎక్కువ భాగం ఆ 4 లక్షల మంది వారసులది. బ్రెజిల్ 1888 దాకా బానిసత్వాన్ని రద్దు చేయలేదు.

జాజిమల్లి

లెక్కల పుస్తకం, సాహిత్యం నేరుగా ఢీకొనేది జాంగ్ కేసులో. వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని ‘ఒక క్రూరుడైన కెప్టెన్ కథ’గా చెప్పేస్తుంటారు. కాదు, అది బీమా కథ.

జాంగ్, లివర్‌పూల్‌కి చెందిన విలియం గ్రెగ్సన్ భాగస్వాములు కొన్న ఓడ. డచ్చి వాళ్ళ దగ్గర పట్టుబడినది, చిన్నది, 110 టన్నులు. కెప్టెన్ ల్యూక్ కాలింగ్‌వుడ్ అంతకుముందు ఓడ వైద్యుడు, ఓడ నడిపిన అనుభవం లేదు. 1781 ఆగస్టు 18న అక్రా విడిచేసరికి అందులో 442 మంది బందీలు, నావికులు 17 మంది. పైన కొలబద్ద గారు రాసిన చట్టం అప్పటికే ఉంటే 110 టన్నులకు 183 మందికి మించకూడదు. రెట్టింపు పైనే ఎక్కించారు. జమైకాను దాటి పడమరకు వెళ్ళిపోయారు, తప్పు దిద్దుకుని వెనక్కి తిరగాల్సొచ్చింది. రోగాలతో అప్పటికే చాలామంది చనిపోయారు.

రోగంతో చస్తే బీమా రాదు, నష్టం యజమానిది. మిగతా సరుకును కాపాడటానికి కొంత సరుకును సముద్రంలో పారేస్తే బీమా వస్తుంది, తలకు 30 పౌండ్లు. నవంబర్ 29న 54 మంది ఆడవాళ్ళను, పిల్లలను కిటికీల్లోంచి తోసేశారు. డిసెంబర్ 1న 42 మంది మగవాళ్ళను. తర్వాతి రోజుల్లో ఇంకో 36 మందిని. మరో 10 మంది వాళ్ళ చేతుల్లో పడకుండా తామే దూకారు. అందుకే కొన్ని పుస్తకాల్లో 132, కొన్నింట్లో 142 కనిపిస్తుంది. నీళ్ళు చాలవన్నదే వాళ్ళు చెప్పిన కారణం. డిసెంబర్ 22న 208 మందితో జమైకా చేరేసరికి ఓడలో ఇంకా 420 గ్యాలన్ల నీళ్ళున్నాయి. మధ్యలో వాన కురిసి ఆరు పీపాలు నిండాయి కూడా. వాన తర్వాతా తోశారు.

బీమా సొమ్ము కోసం యజమానులు వేసిన దావాలో 1783 మార్చిలో జ్యూరీ వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ఆ సంగతి పట్టుకుని బానిసత్వ వ్యతిరేకి గ్రాన్‌విల్ షార్ప్ ఇంటికి వెళ్ళి చెప్పింది ఒకప్పుడు బానిసగా బతికిన ఓలాడా ఈక్వియానో. మే నెలలో ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ముందు విచారణ జరిగి పునర్విచారణకు ఆదేశమిచ్చారు. అది జరిగినట్టు ఆధారం లేదు. హత్య కేసు ఎవరి మీదా పెట్టలేదు. ఓడ లాగ్‌బుక్ మాయమైంది.

మిగిలింది ఏమిటి? రెండు పేజీల న్యాయ నివేదిక, గ్రెగ్సన్ వర్సెస్ గిల్బర్ట్. అందులో చనిపోయినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. టొబాగోలో పుట్టి కెనడాలో స్థిరపడిన కవయిత్రి ఎం. నూర్బెసె ఫిలిప్ ఒకప్పుడు న్యాయవాది. ఆమె 2008లో ‘జాంగ్!’ అనే కావ్యం తెచ్చింది. ఆ నివేదికలో ఉన్న మాటలనే తీసుకుని, ముక్కలు చేసి, పేజీ మీద దూరదూరంగా పరిచింది. అడుగున సన్నటి గీత, గీత కింద ఆఫ్రికా పేర్లు. చదువుతుంటే వాక్యం కుదురుకోదు, కుదురుకోకూడదనే ఆమె ఉద్దేశం. అంతకుముందే 1997లో ఫ్రెడ్ డి’అగ్వియార్ అదే ఘటన మీద నవల రాశాడు. తోసేసినవాళ్ళలో ఒకరు తాడు పట్టుకుని తిరిగి ఎక్కారని విచారణలో వచ్చిన మాట ఆ నవలకు బీజం. నాకు మాత్రం ఫిలిప్ దారే సరైనదనిపిస్తుంది. దస్తావేజు చెప్పని దాన్ని నవల పూరిస్తుంది. ఆమె ఆ ఖాళీని పూరించకుండా మన ముందు పెట్టింది.

అనువాదకుడు_వి

ఈక్వియానో పేరు వచ్చింది కాబట్టి. ఆయన ఆత్మకథ 1789లో లండన్‌లో వచ్చింది. ముందుగా చందాలు కట్టించుకుని అచ్చువేశాడు, కాపీరైటు ఎవరికీ అమ్మలేదు. ఊరూరా తిరిగి అమ్ముకున్నాడు. 1794 నాటికి తొమ్మిది ముద్రణలు. 40 పౌండ్లు కూడబెట్టి 1766లో తన్ను తాను కొనుక్కున్న మనిషి, పుస్తకం లెక్కలూ తనే చూసుకున్నాడు.

వివాదం పుట్టుక మీద. తాను ఆఫ్రికాలోని ఇబో ప్రాంతంలో (ఇప్పటి నైజీరియా) పుట్టానని, పదకొండేళ్ళప్పుడు ఎత్తుకుపోయారని రాశాడు. విన్సెంట్ కరెట్టా అనే పరిశోధకుడు రెండు కాగితాలు బయటపెట్టాడు. 1759 ఫిబ్రవరి నాటి వెస్ట్‌మిన్‌స్టర్ బాప్తిస్మ రికార్డు, 1773 ఆర్కిటిక్ యాత్ర ఓడ నావికుల జాబితా. రెండింట్లోనూ పుట్టింది అమెరికాలోని కరోలినా అని ఉంది. పాల్ లవ్‌జాయ్ వంటి చరిత్రకారులు ఒప్పుకోలేదు. బాప్తిస్మం నాటికి అతను కుర్రాడు, ఆ వివరం ఎవరు చెప్పి రాయించారో తెలియదు, ఇబో గ్రామ జీవితం గురించి రాసినవాటిలో విని రాయడానికి వీల్లేనివి ఉన్నాయని వాళ్ళ వాదన.

నా ఉద్దేశంలో, ఈ పుస్తకాన్ని సాక్ష్యంగా వాడేవాళ్ళు అధ్యాయాల వారీగా విడదీయాలి. నావికాదళంలో ఉన్న కాలం, వెస్టిండీస్‌లో వ్యాపారం, ఇవి ఓడ రికార్డులతో సరిపోతాయి. బాల్యం, ఓడ ప్రయాణం అధ్యాయాలకు బయటి రుజువు లేదు, పైగా ఎదురు రికార్డు ఉంది. వాటిని ఆ తరం బందీల ఉమ్మడి జ్ఞాపకంగా చదివినా విలువ తగ్గదు.

జాజిమల్లి

ఒప్పుకుంటాను, ఒక్క మాట కలిపి. రుజువు అడిగే భారం ఎప్పుడూ ఒకవైపే పడింది. బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియెట్ జేకబ్స్ సంగతి చూడండి. 1861లో లిండా బ్రెంట్ అనే మారుపేరుతో తన కథ రాసింది. సంపాదకురాలు లిడియా మరియా చైల్డ్ అనే తెల్లావిడ. వందేళ్ళకు పైగా పండితులు దాన్ని చైల్డ్ రాసిన కల్పన అనుకున్నారు. 1980లలో జీన్ ఫాగన్ యెలిన్ ఉత్తరాలు, ఊరి రికార్డులు పోల్చి చూపాకే జేకబ్స్ పేరు నిలబడింది.

ఆ పుస్తకంలో ఒక్క చోటు దగ్గరగా చూడండి. నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్‌లో అమ్మమ్మ ఇంటి కొట్టు మీద చూరు కింద సందు. 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఎత్తైన చోట 3 అడుగులు. నిలబడటానికి లేదు. అక్కడ దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. దొరికిన చిన్న బరమాతో గోడకు చిల్లులు పొడిచి, కింద వీధిలో తన పిల్లలను చూసేది. తాను ఉత్తరాదికి పారిపోయానని యజమాని నమ్మాలి. అందుకని న్యూయార్క్ పేపరు ముక్క ఒకటి తెప్పించుకుని, అందులోంచి వీధి పేర్లు, ఇంటి నంబర్లు ఏరి, ఆ చిరునామాతో ఉత్తరాలు రాసి, మనిషి చేత న్యూయార్క్ నుంచి పోస్టు చేయించింది. ఆ ఉత్తరాలు చూసిన యజమాని ఆమె ఉత్తరాదిలోనే ఉందనుకున్నాడు. ఆమె అతని ఇంటికి కూతవేటు దూరంలోనే ఉంది. ఇలాంటి పనితనాన్ని కల్పన అని కొట్టిపారేశారు.

టోనీ మోరిసన్ ‘బిలవెడ్’ 1987లో వచ్చింది కదా. ఆధారం మార్గరెట్ గార్నర్, 1856 జనవరిలో గడ్డకట్టిన ఒహాయో నది దాటి సిన్సినాటి చేరి, పట్టుబడే క్షణంలో రెండేళ్ళ కూతుర్ని చంపిన తల్లి. పాత ఆత్మకథలు చెప్పబోయి ముసుగు వేసిన చోట్లలోకి వెళ్ళడమే తన పని అని మోరిసన్ అంది. అందుకే జేకబ్స్‌ని చదవకుండా మోరిసన్‌ని చదివితే సగమే అందుతుంది.

నేతమగ్గం

మన తీరంతో లంకె గురించి. రెండు వేర్వేరు సంగతులను కలిపేయకుండా చెప్తాను.

మొదటిది గుడ్డ. ఆఫ్రికా తీరానికి వెళ్ళే ఓడలో ఎక్కువ విలువ బట్టలది, అందులో పెద్ద వాటా మన దేశపు నూలుబట్టలది. కోరమాండల్ తీరంలో నేసి నీలిమందులో ముంచిన సేలంపూర్లు, లాంగ్‌క్లాత్, చారలవీ గళ్ళవీ. ఈస్టిండియా కంపెనీ లండన్ వేలంలో అమ్మితే బానిస ఓడలవాళ్ళు కొనేవారు. ఆ తీరంలో ఒక్కో రేవుకు ఒక్కో రంగు, ఒక్కో చార కావాలి. నిరుడు నడిచిన సరుకు ఈ ఏడు నడవకపోవచ్చు. తప్పు రకం తెచ్చిన కెప్టెన్ బేరం కుదరక నెలల తరబడి రేవులో ఆగేవాడు. అంతకాలం ముందు కొన్నవాళ్ళు ఓడ అడుగున మగ్గి చనిపోయేవారు. మాంచెస్టర్ వాళ్ళు మన గుడ్డకు నకలు చేయబోతే నీలం వెలిసిపోయి చాలాకాలం అక్కడ చెల్లలేదు. నేసిన సాలెవాడికి ఆ గుడ్డ ఎక్కడికి పోతుందో తెలిసే వీల్లేదు, దళారీ బయానా, కంపెనీ గడువు, అంతవరకే అతని లోకం.

రెండోది మనుషుల ఎగుమతి. డచ్చి కంపెనీ 1613లో ప్రళయకావేరి ఒడ్డున పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టింది. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి బటావియా (ఇప్పటి జకార్తా), సింహళం, దక్షిణాఫ్రికాలోని కేప్‌లకు బానిసలను పంపింది. అట్లాంటిక్‌లాగా ఏటా ఆగని ప్రవాహం కాదిది. కరువు, యుద్ధం వచ్చిన ఏళ్ళలో ఒక్కసారిగా ఉబికేది, తర్వాత తగ్గేది. తిండి లేక పిల్లలను, తమను అమ్ముకున్నవాళ్ళు ఎక్కువ. కేప్ రికార్డుల్లో వాళ్ళ ఊరిపేర్లు పోయి ‘వాన్ కోరమాండల్’ అనే తోక మిగిలింది.

గోదారిగట్టు

మరి ఇండియాలో బానిసత్వం ఎప్పుడు పోయింది చట్టప్రకారం? మారిషస్‌కు కూలికి వెళ్ళిన మన కోరంగివాళ్ళూ (అక్కడ తెలుగువాళ్ళ పేరు) బానిసలే అంటారు కొందరు.

నేతమగ్గం

1843 చట్టం నంబర్ 5, బానిసత్వపు హక్కును కోర్టులు గుర్తించకూడదంది. బానిసగా కొనడం, అమ్మడం నేరమయింది 1860 శిక్షాస్మృతితో. 1833 బ్రిటిష్ చట్టం ఈస్టిండియా కంపెనీ భూములను మినహాయించింది, అందుకే ఇన్నేళ్ళ తేడా.

కోరంగివాళ్ళను బానిసలనడం సరికాదు. ఒప్పందం, గడువు, కూలి ఉన్నాయి, పుట్టిన పిల్లలు యజమాని ఆస్తి కారు. అలాగని స్వేచ్ఛాకూలీలూ కారు, ఒప్పందం తప్పితే జైలు. 1834లో మారిషస్‌లో బానిసల చెరకు పనికి ప్రత్యామ్నాయంగానే ఈ పద్ధతి మొదలైంది. అమితావ్ ఘోష్ 2008 నవలలో కూలీలను మోసే ‘ఐబిస్’ ఓడ ఒకప్పటి బానిస ఓడ. తేడానీ వారసత్వాన్నీ ఒకే ఓడ అడుగు గదిలో చూపించాడు, చాలా సరైన పని. మహాత్మా ఫూలే 1873లో ‘గులాంగిరి’ని బానిసత్వం రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చింది కూడా ఈ చర్చలో గుర్తుండాలి. ఆయన పోల్చాడు, రెండూ ఒకటే అనేసి వదిలేయలేదు.

పాత_పేజీలు

తెలుగులోకి ఇంకేది ముందు రావాలంటారు?

అనువాదకుడు_వి

మేరీ ప్రిన్స్. 1831, లండన్. బెర్ముడాలో పుట్టి, టర్క్స్ దీవి ఉప్పుమళ్ళలో పనిచేసి, ఆంటిగ్వా మీదుగా లండన్ చేరిన మనిషి. ఆమె చెబుతుంటే సుజానా స్ట్రిక్‌లాండ్ రాసింది, బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యదర్శి థామస్ ప్రింగిల్ సరిదిద్దాడు. ఆమె కథ చిన్నది, పుస్తకంలో మిగతాదంతా ప్రింగిల్ అనుబంధమే. యజమాని వుడ్ ఉత్తరం, దానికి జవాబు, సాక్ష్యాలు.

అనువదించేవాళ్ళు ఆ అనుబంధాన్ని కోసేయకూడదు. మన ప్రచురణకర్తలు పేజీలు తగ్గించడానికి మొదట కోసేది అదే. 1833లో పరువునష్టం దావాలో మేరీ కోర్టులో చెప్పిన సాక్ష్యాన్నీ చేర్చాలి. ఒక కెప్టెన్‌తో తాను ఏడేళ్ళు ఉన్న సంగతి స్ట్రిక్‌లాండ్‌కి చెప్పానని అక్కడ చెప్పింది, పుస్తకంలో అది లేదు. ఉప్పుమళ్ళ భాగానికి చినగంజాం, నౌపాడ ఉప్పు కొఠార్లలో పనివాళ్ళు వాడే మాటలు సేకరించుకుని మొదలుపెట్టాలి. మోకాళ్ళ దాకా ఉప్పునీళ్ళలో నిలబడితే కాళ్ళకు పడే పుళ్ళ గురించి ఆమె రాసిందానికి నిఘంటువులో మాట దొరకదు, వాళ్ళ దగ్గర దొరుకుతుంది.